మైనపు పన్ను

అక్కయ్య ఫోన్‌లో మైనం అంది, నాకు మౌనం అని వినబడింది. తప్పు ఆవిడదీ కాదు, నాదీ కాదు. ఆవిడ పక్కన తిరుగుతున్న మిక్సీది, నేను వేలాడుతున్న బస్సుది. "అమ్మాయికి ముందు మైనం పరీక్ష పెడతారట్రా, అందులో నెగ్గితేనే పళ్ళ కాలేజీలో సీటట" అని ఆవిడ అంటే, ఎదుటివాడి నోరు తెరిపించి తన నోరు మూసుకుని చేయాల్సిన వృత్తికి మౌనం పరీక్ష పెట్టడం నాకు ఎంతో సబబుగా తోచింది, ఆ కాలేజీ మీద గౌరవం కూడా పెరిగింది. అందుకే మేనకోడలు విమానం దిగి పెట్టె తోసుకుంటూ బయటికి రాగానే, ఎలా ఉన్నావే కోడలుపిల్లా అనాల్సినవాణ్ణి పెదాల మీద వేలు పెట్టుకుని నించున్నాను. అది బిక్కమొహం వేసింది. దారంతా సైగలు, మెట్లెక్కుతూ సైగలు, భోజనాల దగ్గర సైగలు; ఉప్పు కావాలంటే పాపం సముద్రాన్ని అభినయించింది, నేను మంచినీళ్ళు అందించాను. చీకటి పడేవేళకి ఇక పట్టలేక, మామయ్యా ఇంట్లో ఎవరైనా పోయారా అని అడిగింది. ఓడిపోయావు పో అన్నాను. ఎందులో అంది. సంగతి తేలాక ఇద్దరం నేల మీద చతికిలబడి కడుపులు పట్టుకున్నాం. నవ్వు తగ్గిన తరవాత అది కళ్ళు తుడుచుకుని, సరేగానీ ఈ ఊళ్ళో మైనం ఎక్కడ దొరుకుతుంది అంది.

ఇప్పుడిది ఎందుకు గుర్తొచ్చిందంటే, ఎదురుగా గోడ మీద నిశ్శబ్దంగా ఉండమని పలక ఉంది, దాని ఎదుట బెంచీ మీద నేనున్నాను, మా ఇద్దరికీ పడటం లేదు. లోపల పరీక్ష జరుగుతోంది. పిల్లలకి తలా ఒక మైనం దిమ్మ, ఒక చిన్న కత్తి ఇచ్చి, దవడ చివర నమలడానికి పనికొచ్చే పెద్ద పన్ను ఒకటి చెక్కమన్నారు, గంట కొట్టేదాకా. చెక్కడం అనే మాట మీద నాకు మొదట్నుంచీ అనుమానమే, మన భాషలో దానికి రెండు మొహాలు: ఇక్కడ చెక్కగలిగితే పిల్ల ఉంటుంది, చెక్కలేకపోతే చెక్కేస్తుంది. అద్దాల తలుపుకి కింది సగం పాలరంగు పూశారు, కూర్చుంటే ఏమీ కనబడదు, నించుంటే తలలు కనబడతాయి, మునివేళ్ళ మీద లేస్తే మోచేతులు. నేను లేచాను. పొడుగాటి బల్ల ముందు వరసగా వంగిన తలలు, మోచేతులన్నీ ఒక వైపుకి కదులుతున్నాయి, మా పిల్లది మాత్రం రెండోవైపుకి, పడవలో అందరూ ఒక వైపు తెడ్డు వేస్తుంటే ఒకరు అవతలివైపు వేస్తున్నట్టు. దానిది పుర్రచేతివాటం. భోజనాల బల్ల దగ్గర దాని మోచెయ్యీ నా మోచెయ్యీ ఢీకొని నా చొక్కా మీద పడని పదార్థం లేదు. పక్కనున్న పొడుగబ్బాయి కుర్చీ కాస్త జరిపి దానికి చోటిచ్చాడు, మంచివాడే. లవంగనూనె వాసన, స్పిరిట్ దీపం వాసన, కొత్తగా తుడిచిన నేల వాసన. కూర్చోండి అన్నట్టు గుమస్తా ఆవిడ కళ్ళతోనే చెప్పింది. కూర్చున్నాను. సీటు కోసం వచ్చింది పిల్ల, దొరికింది నాకు.

నేను ఊరికే వచ్చిన మామయ్యని కాను, డ్యూటీ మీద వచ్చిన మామయ్యని. ఈ ఊళ్ళో నేను దుబాసీని, అంటే రెండు భాషల మధ్య బాసింపట్టు వేసుక్కూర్చునేవాణ్ణి. కోర్టులో, ఆసుపత్రిలో, ఇంతకు ముందు కొన్నాళ్ళు పన్నుల ఆఫీసులో. అక్కడే మొదటిసారి పన్నుకీ పన్నుకీ ఉన్న చుట్టరికం అర్థమైంది: ప్రభుత్వం పన్ను కట్టమంటుంది, డాక్టరు పన్ను కడతానంటాడు, రెండు చోట్లా నొప్పి మనదే. చెక్కడం అయ్యాక నోటి పరీక్ష ఉంటుంది, పరదేశం పిల్లలకి ఇక్కడి భాష రాదు కాబట్టి దుబాసీని తెచ్చుకోవచ్చు, చేరాక మొదటి ఏడాది భాషే నేర్పుతారు. పొద్దున గుమస్తా ఆవిడ, మీరు ఈ అమ్మాయికి బంధువా అని అడిగింది. మా అక్కయ్య కూతురు అన్నాను. అయితే ఇంకొకరిని పిలవాలేమో అంది. ఈ భాషకి ఈ ఊళ్ళో ఇంకొకరు కావాలన్నా మళ్ళీ నన్నే పిలుస్తారమ్మా అన్నాను. ఆవిడ లోపలికి వెళ్ళి అడిగి వచ్చి, గుండెల మీద చెయ్యి వేయించి, ఏదీ కలపను ఏదీ తీసేయను అని అనిపించింది. ఆ మాట నేను నిద్రలో కూడా అనగలను.

మా వృత్తిలో ఒక విచిత్రమైన పద్ధతి ఉంది. ఎదుటివాడు నేను అంటే మేమూ నేను అనాలి. నేనే తీశానండి అని దొంగ అంటే, అతను తీశాడట అని చెప్పకూడదు, నేనే తీశానండి అనే చెప్పాలి. ఆ లెక్కన ఈ ఊళ్ళో నేను బోలెడు సైకిళ్ళు ఎత్తుకెళ్ళాను, ఇద్దరు భార్యల్ని వదిలేశాను, లిఫ్టులో ఇరుక్కున్నాను, ప్రసూతి వార్డులో ఇంత మీసాలు పెట్టుకుని నాకు నొప్పులు మొదలయ్యాయి అన్నాను. నిజంగా నా సొంత మాట ఏదైనా చెప్పాల్సి వస్తే నేను అనకూడదు, దుబాసీ అడుగుతున్నాడు, దుబాసీకి వినబడలేదు, అలా నన్ను నేనే ఎవరో పరాయివాడిలా పిలుచుకోవాలి. మా ఆవిడ బతికున్న రోజుల్లో దీనికి తెగ నవ్వేది, ఇంట్లో కూడా దుబాసీకి కాఫీ కావాలా అనేది. ఇంకో పద్ధతి, గదిలో పైకి అన్న మాట ప్రతిదీ దాటించాలి. గొణిగినా సరే, తిట్టినా సరే. ఒకసారి కోర్టులో ఒక మొగుడు సాక్షి బోనులో ఉన్న పెళ్ళాం కేసి వంగి, చూశానని చెప్పకు అని గుసగుసలాడాడు. నా నాలుక ఆ మాటని అవతలి భాషలోకి గుమ్మం దాటించేసింది, దాటిన తరవాత గానీ నా చెవికి తెలియలేదు. జడ్జీ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఇన్నేళ్ళ అలవాటు మరి, నాలుకకి మెదడుతో పనిలేదు, మధ్యలో పోస్టాఫీసు లేకుండా ఉత్తరం నేరుగా పోతుంది.

పక్కన కూర్చున్న నీలంకోటావిడ పొడుగబ్బాయి తల్లి. ఆవిడది ఇంకెక్కడిదో భాష, నాకు ముక్క రాదు. ఇద్దరం ఇక్కడి భాషలో, అద్దె సైకిలు తొక్కుతున్నట్టు, పడుతూ లేస్తూ మాట్లాడుకుంటున్నాం. ఇంత పెద్ద బెంచీ మీద ఆవిడ అంచున కూర్చుంది, ఎవరైనా లేవమంటే లేవడానికి వీలుగా. వాళ్ళ ఇంట్లో కరెంటు పోతే వెలిగించడానికి ఒక్క కొవ్వొత్తి లేదట, అన్నీ పళ్ళయిపోయాయట. మా ఇంట్లో సబ్బులండీ అన్నాను. నిజమే, మైనం దొరికేదాకా కోడలుపిల్ల సబ్బుల మీద పడింది, నేను కొన్నాళ్ళుగా వీపు రుద్దుకునేది దవడపన్నుతో, నురగ బాగానే వస్తుంది. ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది, ఆవిడకి పక్కపళ్ళు రెండు లేవు. మావాడికి ఇదే ఆఖరి సారి అంది తరవాత, ఇంకో విడతకి వయసు దాటిపోతుంది, ఇక ఒప్పుకోరు. అలాగా అన్నాను. దీనికి ఏ భాషలోనైనా అలాగా కంటే మంచి మాట ఉందేమో, నాకు తెలిసిన వాటిలో లేదు.

మాది ఆఖరి సారి కాదు. అయినా ఆఖరిదాని కిందే లెక్క. అక్కడ రెండుసార్లు పరీక్ష రాసింది, రెండుసార్లూ వెంట్రుకవాసిలో సీటు తప్పింది, ఇక ఇక్కడ కూడా రాకపోతే వెనక్కి వచ్చి చిన్నాన్న మందుల షాపులో కూర్చోమని బావగారు తేల్చేశారు. అక్కయ్య నాకు ఫోన్ చేసినప్పుడల్లా బాగా చూసుకోరా అంటుంది, ఏం చూసుకోవాలో చెప్పదు. పిల్లకి షాపంటే కోపమేం లేదు. అక్కడ అన్నీ డబ్బాల్లో తయారై వచ్చేస్తాయి మామయ్యా, నేను చేసేది ఏమీ ఉండదు అంది ఒకసారి, సబ్బు చెక్కుతూ, తల ఎత్తకుండా. అంతే, మళ్ళీ ఆ ఊసెత్తలేదు. అక్కడ ఉన్నప్పుడు సాయంత్రాలు కట్టుడుపళ్ళు చేసే ఒకాయన దగ్గరికి వెళ్ళి కూర్చునేదట, ప్లాస్టరు కలిపిపెట్టేదట, అప్పటినుంచీ మనుషుల్ని మొహాలతో కాక పళ్ళతో గుర్తుపెట్టుకుంటుంది. మీ ఎదురింటాయన అంటే దానికి తెలియదు, ముందు పన్ను మీద ముందు పన్ను ఎక్కిన ఆయన అంటే తెలుస్తుంది. నీ పై పన్ను ఒకటి పక్కకి తిరిగి నించుంది మామయ్యా, బస్సులో చోటు లేనట్టు అంది. ఎవరికైనా చోటివ్వడానికే జరిగి ఉంటుందే అన్నాను. నీకు జ్ఞానదంతాలు రాలేదా అంది. వచ్చాయి, జ్ఞానం లేదని తెలిసి వెళ్ళిపోయాయి అన్నాను. కాఫీ కప్పు దించి నా మొహంలోకి చూసి, నువ్వు ఇలా ఎప్పుడూ మాట్లాడుతూనే ఉంటావా, ఇంట్లో ఎవరూ లేనప్పుడు కూడానా అంది. దీనికి నేను ఏదో ఒక జవాబు చెప్పే ఉంటాను, ఇప్పుడు గుర్తు రావడం లేదు, గోడ మీద పలక మళ్ళీ నాకేసి చూస్తోంది.

గంట కొట్టారు. లోపల కుర్చీలు వెనక్కి జరిగిన చప్పుడు. నేను లేచాను, నీలంకోటావిడ కూడా లేచింది, ఆవిడకి అద్దం అందదు, ఏం కనబడుతోంది అని నన్ను అడిగింది. పరీక్ష పెట్టే ఆయన, నేను మనసులో దవడాచార్యులు అని పేరు పెట్టుకున్నాను, పొడుగాటి మొహం, నుదుటి మీద కళ్ళజోడు, బల్ల చివర నించుని ఉన్నాడు. సహాయకురాలు ఒక్కో కుర్చీ దగ్గర ఆగి చిన్న చిన్న స్టీలు ట్రేలు ఎత్తి బండి మీద పెట్టుకుంటోంది, ట్రే మీద కుర్చీ నంబరు, పన్ను మీద ఏమీ ఉండదు, ఎవరి పని ఎవరిదో తెలియకుండా మార్కులు వేయడానికి. సగం బల్ల దాకా వచ్చి ఆగిపోయింది. వెనక్కి వెళ్ళింది. మళ్ళీ ముందుకు వచ్చింది. ఆచార్యుల్ని పిలిచింది. తలలు అన్నీ ఒక చోటికి చేరాయి. పిల్లల్ని బయటికి పంపడం మొదలుపెట్టారు, మా పిల్లనీ పొడుగబ్బాయినీ మాత్రం ఆపేశారు. బయటికి వచ్చిన మొదటి అమ్మాయి వాళ్ళ నాన్నతో గబగబా చెప్పేసింది, ఒకడి ట్రేలో రెండు పళ్ళున్నాయి, ఇంకో అమ్మాయి ట్రేలో ఒక్కటీ లేదు. అయితే ఒకటి జేబులో తెచ్చుకుని ఉంటాడు అన్నాడు ఆ నాన్న. ఆ అమ్మాయి చెక్కలేక చేతులెత్తేసి ఉంటుంది అంది ఇంకెవరో. నడవా అంతా నీలంకోటు కేసి తిరిగింది. ఏమంటున్నారు అని ఆవిడ నన్ను అడిగింది. ఇంకా డ్యూటీ మొదలు కాలేదు కాబట్టి కాస్త తగ్గించి, ఎవరిదో ఒక పన్ను ఎక్కువైందటండీ అని చెప్పాను. మా పిల్ల చేతులెత్తేసే రకం కాదు, తొలి సబ్బు ముక్కలైపోయిన రోజున కూడా ఆ ముక్కలు ఏరుకుని వాటిమీద చిన్న చిన్న పాలపళ్ళు చెక్కింది. మరి ట్రే ఖాళీ ఎందుకైంది? నేను ఈ లెక్క కట్టుకుంటూ ఉండగానే గుమస్తా ఆవిడ తలుపు తీసి, దుబాసీగారు లోపలికి రావాలి అంది.

లోపల ఎండ బాగా పడుతోంది. బల్ల మీద ఒకే ట్రేలో రెండు పళ్ళు పక్కపక్కన ఉన్నాయి, లేత పసుపుపచ్చగా. ఒకటి నిండుగా ఉంది, పైన గుట్టలు, గుట్టల మధ్య గాడి, ఎవరో నోట్లోంచి ఇప్పుడే తీసి కడిగిపెట్టినట్టు. రెండోదానికి గాడి ఇంకా చక్కగా ఉంది కానీ ముందు గుట్ట కొన ఎగిరిపోయింది. పొడుగబ్బాయి మొహం మైనంలా ఉంది, ఈ పోలిక నేను కావాలని వేయలేదు, అలాగే ఉంది. ఇద్దరినీ వేరువేరుగా అడుగుతాను, ముందు అమ్మాయి చెప్పాలి, అబ్బాయి అంతవరకూ మాట్లాడకూడదు అన్నాడు ఆచార్యులు, అది మన భాషలో చెప్పాను. ఈ రెండింటిలో నీది ఉందా అన్నాడు. నీది ఉందా అన్నాను. ఉంది అంది. ఉంది అన్నాను. ఏది అన్నాడు. ఏది అన్నాను. అది ట్రే కేసి చూసింది. అబ్బాయి కేసి చూసింది. ఆ తరవాత నా కేసి చూసింది, ఈ ఊరు వచ్చినప్పటి నుంచీ ఎప్పుడూ అలా చూడలేదు, నవ్వించమని కాదు, ఊరుకోమని కాదు. గొంతు బాగా తగ్గించి, బల్లతో చెబుతున్నట్టు అంది:

"మామయ్యా, విరిగింది నాది. బాగున్నది వాడిది. ఏం చెప్పమంటావ్?"

నా నోరు తెరుచుకుంది. మామయ్యా, విరిగింది నాది, బాగున్నది అతనిది, ఏం చెప్పమంటావ్ అని ఇక్కడి భాషలో వినబడింది, అది ఆగిన చోటల్లా ఆగుతూ, గొంతు దించిన చోట దించుతూ, మామయ్యాతో సహా, శుభ్రంగా, ఒక్క పొల్లు జారకుండా. చెప్పింది నేనే. నా చెవులకి అది ఆలస్యంగా చేరింది. సహాయకురాలు చేతిలో గుడ్డని మడిచి, విప్పి, మళ్ళీ మడిచింది. ఇక్కడి భాషలో నాది, అతనిది, ఏమిటి లాంటి మాటలు కోడలుపిల్లకి ఈపాటికి తెలుసు, నేనే నేర్పాను, కూరగాయల దుకాణంలో. దాని మొహం కేసి నేను చూడలేదు. దుబాసీ ఎవరి మొహమూ చూడకూడదని ఒక నియమం ఉంది, ఎన్నోసార్లు దాన్ని వెటకారం చేశాను, ఆ నిమిషాన దాని చాటున నిలబడ్డాను. అబ్బాయి ఊపిరి వదిలిన చప్పుడు వినబడింది. ఆచార్యులు పిల్లనే అడిగాడు, మరి నీ పన్ను అతని ట్రేలోకి ఎలా వెళ్ళింది. ఎలా వెళ్ళింది అన్నాను. నేను పెట్టాను అంది. ఎందుకు పెట్టావు. అక్కడ ట్రే ఉంది కాబట్టి. కూర్చుని ఎలా పెట్టావో చూపించు అన్నాడు. అది కుర్చీలో కూర్చుంది, కత్తి ఎడమచేత్తో తీసుకుంది, గాలిలో పన్ను చెక్కింది, గాలిలో పన్నుని ఎడమవైపు ఉన్న ట్రేలో పెట్టింది, అది పక్క కుర్చీవాడి కుడివైపు ట్రే. అందరికీ ట్రేలు కుడివైపే పెట్టారు. పొద్దున ఎవరూ ఎవరినీ ఏ చేత్తో చెక్కుతారని అడగలేదు. ఆచార్యులు బల్ల పొడవునా ఒకసారి చూసి, నుదుటి మీది కళ్ళజోడు కిందికి దించుకున్నాడు.

అబ్బాయిని ఇక్కడి భాషలోనే అడిగారు, నిండుగా ఉన్నదాన్ని చూపించాడు, రెండో పన్ను ఎప్పుడు వచ్చి పడిందో చూడలేదన్నాడు, తలొంచుకుని పని చేసుకుంటున్నాడట. ఆచార్యులు విరిగినదాన్ని వేళ్ళ మధ్య పట్టుకుని ఎండకి ఎత్తి నెమ్మదిగా తిప్పాడు. ట్రేలో విరిగిందా, చేతిలో విరిగిందా అన్నాడు. చేతిలోనే, ఆఖర్న గాడి శుభ్రం చేస్తుంటే కత్తి నొక్కుకుంది, కొన లేచిపోయింది అంది. ఆ జవాబు చెప్పేటప్పుడు అది నాకేసి కాక ఆయనకేసి చూసింది, నాకు బాగా గుర్తు. చాలాసేపు తిప్పాడు ఆ పన్నుని. నాకు అనువదించడానికి ఏమీ లేదు. కిటికీ బయట ఎవరో స్కూటరు స్టార్టు కాక తన్నుతూనే ఉన్నారు. తరవాత ఆయన మాట్లాడాడు, నేనూ మాట్లాడాను, నేను అనే పదంతో, పద్ధతి ప్రకారం.

"గాడి చాలా బాగా తీశావు. కానీ కొన లేని పన్ను నమలదు. నోటి పరీక్ష దాకా వెళ్ళనక్కర్లేదు, ఈ విడతకి నేను నిన్ను తీసుకోలేను. వచ్చే విడత మళ్ళీ రావచ్చు."

మా అక్కయ్య కూతురితో ఆ మాట నా నోటితో నేనే అన్నాను. ఇంతకు ముందు ఎన్ని సైకిళ్ళు ఎత్తుకెళ్ళినా ఇంత కష్టం కాలేదు. అది తల ఊపింది. మందుల షాపు గుర్తొచ్చిందేమో, వీసా గుర్తొచ్చిందేమో, పళ్ళు బిగబట్టి ఉంది. వస్తాను అంది, అప్పటికి ఎడమవైపు కూడా ఒక ట్రే పెట్టించండి అంది. నేను అది కూడా దాటించాను. ఆచార్యులు సహాయకురాలికేసి చూశాడు, ఆవిడ ఎక్కడ రాసుకోవాలో తెలియక ఆ గుడ్డకేసి చూసుకుంది. ఆచార్యులు ఆ విరిగిన పన్నుని పిల్ల చేతిలో పెట్టి, ఇది తీసుకెళ్ళవచ్చు అన్నాడు.

తలుపు తీసేసరికి నడవాలో ఎవరూ వెళ్ళిపోలేదు. బెంచీ అంచున కూడా కాదు, గోడకి ఆనుకుని నించుంది నీలంకోటావిడ, ఆవిడకీ మిగతావాళ్ళకీ మధ్య ఒక మనిషి పట్టేంత ఖాళీ ఉంది. కొడుకుని చూడగానే చెయ్యి పట్టుకుంది. ఆచార్యులు ఆ ఖాళీ కేసి చూసి, నాతో, మీ గొంతు పెద్దది, జరిగింది అందరికీ చెప్పండి అన్నాడు. నా గొంతుకి జీవితంలో అది మొదటి ప్రశంస. గోడ మీద పలక కింద నించుని ఇక్కడి భాషలో చెప్పాను: ట్రేలన్నీ కుడివైపు పెట్టారు, ఈ అమ్మాయిది ఎడమచేతివాటం, పని అయ్యాక చెయ్యి ఎటు పోతే అటు పెట్టింది, అది పక్క అబ్బాయి ట్రే, అందుకని ఒకదానిలో రెండు, ఒకదానిలో సున్నా, అబ్బాయి జేబులో ఏమీ తేలేదు, నిండు పన్ను అతను చెక్కిందే, అమ్మాయి చెక్కకుండా కూర్చోలేదు, విరిగిన పన్ను ఆమెది. జేబు మాట ముందు అన్న నాన్నగారు తన జేబులోంచి చేతులు తీశాడు. నడవాలో చాలామంది తమ రెండు చేతుల కేసి చూసుకున్నారు. ఇంకోసారి, మెల్లగా, చిన్న చిన్న మాటల్లో నీలంకోటావిడ కోసం చెప్పాను. ఆవిడ అంతా విని, మా పిల్ల చేతిలో ఉన్న పన్నుని చూసి, మెల్లగా తల ఊపింది. అయిపోయింది కదా అని నేను చొక్కా సర్దుకున్నాను.

"ఒకటి వదిలేశావ్ మామయ్యా," అంది కోడలుపిల్ల.

ఏది అన్నాను.

"ఏం చెప్పమంటావ్ అని అడిగాను కదా. అది."

అది వీళ్ళకెందుకే, అయిపోయిన విషయం అన్నాను. వాడు లోపలే ఉన్నాడు, విన్నాడు, వాళ్ళమ్మ వినలేదు, చెప్పు అంది. గొంతులో కోపం లేదు, ఉప్పు అందుకో అన్నట్టు అంది. నేను నీలంకోటావిడ వైపు తిరిగి, పద్ధతి ప్రకారమే చెప్పాను, విరిగింది నాదని నాకు తెలుసు, అయినా ఏం చెప్పమంటావని మా మామయ్యని అడిగాను. ఆవిడ ఆ నేను ఎవరో అర్థం కావడానికి ఒక క్షణం తీసుకుంది, పిల్ల కేసి చూసింది, తరవాత నా కేసి చూసింది. మరి మీరేం చెప్పమన్నారు అంది. ఇక్కడ, దుబాసీ అంటున్నాడు అని మొదలుపెట్టాలి.

"నాకు తెలియదండీ," అన్నాను. "నేను ఏదో ఒకటి చెప్పేలోపే నా నోరు అనువాదం చేసేసింది."

తరవాత అదే మాట కోడలుపిల్ల వైపు తిరిగి మన భాషలో కూడా చెప్పాను.